ఓటుకు డబ్బు తీసుకుని బైబిలు మీద ప్రమాణం చేస్తే కట్టుబడాలా? ఫాదర్ గారు చెప్పిన పార్టీకే వేయాలా?

రెండింటికీ జవాబు ఒకటే: అక్కర్లేదు. ఓటు వేయడం మాత్రం కతోలికులకు నైతిక బాధ్యత. కతోలిక బోధనల గ్రంథమైన సత్యోపదేశం 2240వ పేరాలో పన్ను కట్టడం, ఓటు వేయడం, దేశాన్ని కాపాడటం పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికి వేయాలో శ్రీసభ, అంటే కతోలిక సంఘం, చెప్పదు, మన అంతరాత్మకే వదిలేసింది.

ముందు ప్రమాణం సంగతి. పోలింగుకు ముందు రాత్రి డబ్బు చేతిలో పెట్టి, బైబిలో సిలువో పట్టించి ఒట్టు వేయించుకుంటారు. ఆ ఒట్టు తప్పితే దేవుడు శిక్షిస్తాడని మన పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, నిజంగా వణికిపోతారు. భయపడనక్కర్లేదు. తప్పు చేస్తానని వేసిన ఒట్టు ఎవరినీ బంధించదు. హేరోదు విందులో నోరు జారి ఒట్టు వేసి, అది నిలబెట్టుకోవడానికే స్నాపక యోహాను తల నరికించాడు. ఒట్టు నిలబెట్టుకోవడమే అతని పాపం. అలాగని డబ్బు తీసుకుని నచ్చినవారికి వేసుకుంటే సరిపోతుందని కాదు. దేవుని నామాన్ని ఈ బేరంలోకి లాగడం, లంచం పుచ్చుకోవడం రెండూ పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సినవే. చట్టం కూడా ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ సమానంగా చూస్తుంది: భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద ఏడాది వరకు జైలు. డబ్బు పంచుతుంటే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో ఫొటో గానీ వీడియో గానీ పెట్టండి, పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. కాకపోతే అక్కడికక్కడే యాప్‌లోనే తీయాలి. గ్యాలరీలో ఉన్న పాత ఫొటో అది తీసుకోదు.

ఇక ఫాదర్ గారి మాట. పేదల గురించి, అవినీతి గురించి, గర్భంలోని బిడ్డ ప్రాణం గురించి ప్రసంగంలో చెప్పడం ఆయన పనే. పార్టీ పేరు చెప్పడం ఆయన పని కాదు. గురువులు, అంటే ఫాదర్లు, పార్టీల్లో చురుకుగా పాల్గొనకూడదని శ్రీసభ చట్టం 287వ నిబంధన అంటుంది. చర్చిని ప్రచార వేదిక చేయకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనూ ఉంది. ఫలానా అభ్యర్థికి వేయకపోతే దేవుని ఆగ్రహం తగులుతుందని అభ్యర్థి గానీ, అతని సమ్మతితో మరొకరు గానీ భయపెడితే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద ఆ ఎన్నికే రద్దు కావచ్చు. ఓటరు మతాన్ని చూపి ఓటు అడగడమూ దీని కిందికే వస్తుందని 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

మరి దేన్ని చూసి వేయాలి? అమెరికా కతోలికుల ఓటరు గైడ్లు చదివి అవే తూకాలు ఇక్కడ వాడితే కుదరదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా కోల్పోయి బీసీ-సీలో ఉన్న దళిత క్రైస్తవులు, మైనారిటీ విద్యాసంస్థల హక్కులు, మద్యం, కూలి రేట్లు, ఇవీ ఇక్కడి ప్రశ్నలు. మన సంఘానికి ఏం దక్కుతుందన్నది ఒక్కటే చూడకండి, పక్క వీధిలోని ముస్లిం, హిందూ పేదలకు ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఉమ్మడి మేలంటే అదే. ఏ అభ్యర్థీ అన్నింటిలో సరిగ్గా దొరకడు. ఒకరి తప్పుడు విధానం నచ్చి వేయడం వేరు, అది నచ్చకపోయినా అంతకన్నా గట్టి కారణం ఉండి వేయడం వేరు. మొదటిది పాపంలో పాలుపంచుకోవడం. రెండోది నిజంగా గట్టి కారణం ఉన్నప్పుడే ఒప్పు. నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో అది అరగంటలో చదివేయవచ్చు.

చాలామంది నష్టపోయేది ఓటరు జాబితా దగ్గర. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారినా పెళ్ళై వెళ్ళినా ఫారం 8. నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో చేర్చరు. అంతకుముందు అభ్యంతరాలకు వారం గడువు ఇవ్వాలి గనుక, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. చేతిలో కార్డు ఉన్నంత మాత్రాన జాబితాలో పేరున్నట్టు కాదు, ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి చూసుకోండి. బూత్‌లో మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారంటే ఇంటికి తిరిగి రాకండి. టెండర్ ఓటు కావాలని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే కాగితం బ్యాలెట్ ఇచ్చి, దాన్ని విడిగా కవరులో భద్రపరుస్తారు.