నారింజ లైటు వెలిగితే కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు

"సార్, మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పొద్దున ఏడున్నరకల్లా ఇల్లు వదలాలి. డికాషన్ దిగేదాకా ఆగే తీరిక ఉండటం లేదు. క్యాప్సూల్ కాఫీ మెషీన్ కొందామనుకుంటున్నాం. 15 బార్ మంచిదా, 19 బార్ మంచిదా? మా అత్తయ్య గారికి మాత్రం చిక్కటి పాల కాఫీయే కావాలి." నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఇలాంటి ఉత్తరాలు ఒంగోలు నుంచీ, కందుకూరు నుంచీ కూడా వస్తూనే ఉన్నాయి. అందరూ ఈ బార్ల లెక్క దగ్గరే ఆగిపోతున్నారు.

అమ్మా, బార్ల సంగతి వదిలేయండి. డబ్బా మీద వేసే 15, 19 అనేవి పంపు గరిష్ఠంగా ఇవ్వగల ఒత్తిడి. ఎస్ప్రెసో, అంటే ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ, దిగడానికి 9 బార్లు ఉంటే చాలు. రెండు మెషీన్లూ అది ఇస్తాయి. క్యాప్సూల్ అంటే ఒక కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపి మూసిన చిన్న డబ్బీ. కొట్లో మీరు అడగాల్సింది ఒక్కటే: ఇందులో ఎవరెవరి క్యాప్సూళ్లు పడతాయి?

కొన్ని మెషీన్లు క్యాప్సూల్‌కు చిల్లు పొడిచి వేడినీళ్లు నెట్టడం తప్ప ఇంకేం చేయవు. వాటికి సరిపోయే క్యాప్సూళ్లు చాలా కంపెనీలు చేస్తాయి. మన పొడి మనమే నింపుకునే స్టీలు క్యాప్సూళ్లు కూడా దొరుకుతాయి. ఇంకో రకం మెషీన్ క్యాప్సూల్ అంచున ఉన్న బార్‌కోడ్ చదివి గానీ పని మొదలుపెట్టదు. అది కొన్నారంటే ఆ కంపెనీ చెప్పిన ధరకు, వాళ్లు తెచ్చిన రుచే తాగాలి. రేపు వాళ్లు మన దేశంలో అమ్మకం ఆపేస్తే మెషీన్ అటక ఎక్కాల్సిందే. 2014లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఇంతకంటే గట్టి తాళం వేసింది. మూత మీద తమ ప్రత్యేక ఇంకు కనిపించకపోతే మెషీన్ కాఫీ ఇవ్వనంది. జనం ఆ కంపెనీదే వాడేసిన క్యాప్సూల్ మూత ముక్క కత్తిరించి, సెన్సర్ దగ్గర టేపుతో అంటించి పని కానిచ్చారు. అమ్మకాలు పడిపోయాయి. మరుసటి ఏడాది కంపెనీయే తప్పు ఒప్పుకుంది. అయినా అదే ఆలోచన ఇంకో రూపంలో మన వంటింటికి వస్తోంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు నేను వేసిన పొడిని కాదనడం నాకు ఏ కోశానా మింగుడుపడదు. మీరు బార్‌కోడ్ అక్కర్లేని రకమే తీసుకోండి.

ఇక ఖర్చు. క్యాప్సూల్ ఒక్కోటి 50 రూపాయలు అనుకుందాం. ఇంట్లో రోజుకు నాలుగు కప్పులంటే నెలకు 6,000. చిన్న క్యాప్సూల్‌లో ఉండేది దాదాపు 5 గ్రాముల పొడి. అంటే మీరు కాఫీ పొడిని కిలో 10,000 రూపాయల లెక్కన కొంటున్నట్టు. మీ వీధి చివర మిల్లులో అప్పటికప్పుడు పట్టించి, చికోరీ ఎంత కలపమంటారో మిమ్మల్నే అడిగి ఇచ్చే పొడి కిలో ఎంతో మీకు తెలుసు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని మీరిద్దరూ ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి.

అత్తయ్య గారి కాఫీ గురించి ఒక మాట. పాలలో కలిపేటప్పుడు చిన్న బటనే నొక్కాలి. అది దాదాపు 40 మిల్లీలీటర్లు దింపుతుంది. పెద్ద బటన్ 110 దాకా దింపుతుంది, అది పాలు లేకుండా తాగేవాళ్ల కోసం. మన ఇళ్లలో మొదటి డికాషన్ అయ్యాక ఫిల్టర్‌లో మళ్లీ వేడినీళ్లు పోసి రెండో డికాషన్ తీస్తాం కదా, ఆ అలవాటుతో వాడిన క్యాప్సూల్ మీదే మళ్లీ బటన్ నొక్కుతున్నారు చాలామంది. చేదునీళ్లు తప్ప ఏమీ రావు. చిక్కగా కావాలంటే రెండో క్యాప్సూల్ వేయాల్సిందే, అప్పుడు కప్పు 100 రూపాయలు. పాల గొట్టం మెషీన్‌లోనే ఉన్న మోడల్ మాత్రం వద్దు. రాత్రి గొట్టంలో మిగిలిన పాలచుక్క మన ఎండలకు తెల్లారేసరికి పులిసిపోతుంది. పాలు పొయ్యి మీద విడిగా కాచుకోండి.

ప్లగ్గు కూడా చూసుకోండి. ఈ మెషీన్లు చాలావరకు 1,200 నుంచి 1,500 వాట్లు లాగుతాయి. 1,450 వాట్లంటే 6 ఆంప్స్ దాటుతుంది. మిక్సీ పెట్టే చిన్న 6 ఆంప్స్ ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, ఏసీకి వాడే 16 ఆంప్స్ ప్లగ్గే వాడాలి.

ఒంగోలు లాయర్‌పేట నుంచి ఒకాయన, "మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వస్తా కాఫీ మెషీన్ తెస్తానంటున్నాడు, ఇక్కడ కన్వర్టర్ పిన్ను పెడితే పని చేస్తుందా?" అని అడిగారు. చేయదు. ఆ పిన్ను ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, కరెంటును మార్చదు. ఫోన్ చార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది కాబట్టి ఎక్కడైనా నడుస్తుంది. ఈ మెషీన్ అడుగున స్టిక్కర్ చూడమనండి, 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. దానికి మన 230 వోల్టులు ఇస్తే లోపలి హీటర్ మీద దాదాపు నాలుగింతల భారం పడి మొదటి కప్పుకే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, మన 50 హెర్ట్జ్ కరెంటుకు పంపు నెమ్మదిగా కొడుతుంది. వారంటీ ఎటూ ఇక్కడ చెల్లదు. అబ్బాయిని ఇంకేదైనా తెమ్మనండి.

యాప్, వైఫై ఉన్న మోడల్ తీసుకోవాలా అని అడిగినవాళ్లు ఆరుగురు. నా సమాధానం ఒకటే: వద్దు. మంచం మీద నుంచి ఫోన్‌లో నొక్కాలన్నా ముందు మీరు లేచి వెళ్లి క్యాప్సూల్ వేయాలి, కప్పు పెట్టాలి, ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూడాలి. అక్కడిదాకా వెళ్లినవాళ్లకు పక్కనే బటన్ ఉంది. దీనికోసం ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఇంకో వస్తువు చేతిలో పెట్టాలా? 2020లో కంప్యూటర్ భద్రతా సంస్థ అవాస్ట్ పరిశోధకుడు మార్టిన్ హ్రాన్ నెట్‌కు కలిసే ఒక కాఫీ మేకర్‌ను పరీక్షకు తీసుకున్నాడు. దానికి వచ్చే అప్‌డేట్ ఎవరు పంపారో ఆ మెషీన్ సరిచూసుకోవడం లేదని గమనించాడు. తను మార్చిన సాఫ్ట్‌వేర్ అందులోకి ఎక్కించాడు. ఇక ఆ మెషీన్ వేడినీళ్లు కక్కుతూ, గింజలు దంచే బ్లేడు ఆగకుండా తిప్పుతూ, తెర మీద డబ్బు కట్టమని రాసి చూపించింది. ప్లగ్గు పీకితే గానీ ఆగలేదు. ఫోన్‌కైతే కొన్నేళ్లపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని చెప్పి అమ్ముతున్నారు. వంటింట్లో పదేళ్లు ఉండాల్సిన మెషీన్‌కు ఎన్నేళ్లు ఇస్తారో డబ్బా మీద రాసిన కంపెనీ నాకు ఇంతవరకు కనపడలేదు. ఇప్పటికే కొనేసి ఉంటే వైఫైకి కలపకుండా బటన్లతోనే వాడుకోండి. కలిపి తీరాలంటే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) పెట్టి దానికే కలపండి.

కానీ నన్ను రెండు రోజులుగా నిద్రపోనివ్వని ఉత్తరం ఇవేవీ కాదు. కావలి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి రాశారు. కూతురు కొనిచ్చిన క్యాప్సూల్ మెషీన్‌లో ఒకరోజు నారింజ రంగు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. కాఫీ సన్నగా దిగుతోంది. కూతురికి ఫోన్ చేస్తే తియ్యలేదు, ఆఫీసులో ఉంది. ఆయన మెషీన్ పేరు కొట్టి, పక్కన 'కస్టమర్ కేర్' అని చేర్చి నెట్‌లో వెతికారు. పైనే ఒక నంబరు వచ్చింది. అవతలివాడు తెలుగులోనే, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కంప్లయింట్ రాసుకోవాలంటే 10 రూపాయలు కట్టాలన్నాడు. దానికోసం వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమన్నాడు. 'అలో' (అనుమతి ఇవ్వండి) అని వచ్చిన ప్రతిచోటా నొక్కమన్నాడు. ఆయన నొక్కారు. పావుగంటలో ఖాతా నుంచి మూడు దఫాలుగా 38,400 రూపాయలు పోయాయి.

ఉత్తరం చివర ఆయన అడిగింది మాత్రం ఇది: "ఇంతకీ ఆ లైటు దేనికండీ?"

ఆ లైటు సున్నానికి. మెషీన్ పాడవలేదు, లోపల గొట్టాల్లో సున్నం పేరుకుంది, కడగమని చెబుతోంది. దీని పేరు డీస్కేలింగ్. మన వైపు ఇది తొందరగా వస్తుంది. ఒంగోలు, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్‌లో వేసే హీటర్ రాడ్ మీది తెల్ల పెచ్చు చూస్తే తెలుస్తుంది. నెల్లూరు వేదాయపాళెంలో మా చెల్లెలు ఇంట్లోనూ ఇదే జరిగింది. కొని అయిదు నెలలే. ట్యాంకు తీసి చూస్తే అడుగున తెల్లటి వలయం, గోరు పెట్టి గీస్తే గరగరలాడుతోంది. కంపెనీ ద్రావణం కలిపి నడిపిస్తే మొదటి గ్లాసు బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది, అందులో రేకుల్లాంటి తెల్ల ముక్కలు తేలాయి. అరగంటలో లైటు ఆగిపోయింది. ఆమె కూడా అప్పటికే ఫోన్‌లో నంబరు వెతుకుతూ ఉంది. నేను ఆ పూట అక్కడ లేకపోయి ఉంటే ఏమయ్యేదో అన్న టెన్షన్ నాకు ఇప్పటికీ ఉంది.

మెషీన్ తయారుచేసేవాళ్ల మీద నా కోపం ఇక్కడే. వేలకు వేలు పోసి కొన్న మెషీన్ మీద "కడగండి" అని రాసి చూపించే చోటు లేదా? ఒక్క లైటు పెట్టి, నెమ్మదిగా ఆరితే ఒక అర్థం, గబగబా ఆరితే ఒక అర్థం, రెండుసార్లు ఆరి ఆగితే ఇంకో అర్థం అంటే అరవై దాటినవాళ్లకు ఎలా తెలియాలి? పుస్తకం పన్నెండు భాషల్లో ఉంటుంది, వాటిలో తెలుగు ఉండదు. ఉన్న బొమ్మలు చీమ తలకాయంత. అర్థంకాని లైటు చూసి మనిషి కంగారుపడతాడు, కంగారులో నంబరు వెతుకుతాడు. ఆ నంబరు దగ్గర దొంగ కూర్చుని ఉన్నాడు. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, వాటర్ ప్యూరిఫయర్, అన్నిటికీ ఇదే వరస. నాకు వచ్చే మోసాల ఉత్తరాల్లో ఎన్నో ఇలా ఇంట్లో ఆగిపోయిన ఒక వస్తువు దగ్గరే మొదలవుతున్నాయి. కంపెనీ ఒక తెలుగు కాగితం అచ్చు వేయించడానికి ఎంతవుతుంది? నిజమైన సర్వీస్ నంబరు మెషీన్ ముందువైపు, కళ్లకు కనిపించే చోట వేస్తే ఏం పోతుంది?

వాడేవాళ్లకూ చెబుతున్నాను, కొంచెం కటువుగానే. మెషీన్ ఇంటికొచ్చిన రోజే బిల్లు మీద, వారంటీ కార్డు మీద, మెషీన్ అడుగు స్టిక్కర్ మీద ఉన్న నంబరు ఫోన్‌లో సేవ్ చేయండి. ఆ తర్వాత దేనికీ నెట్‌లో నంబరు వెతకొద్దు, పైన వచ్చేది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన కావచ్చు. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైలు ఎవరు పంపినా ఇన్‌స్టాల్ చేయకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతికి, అక్కడ వాట్సాప్‌కు అనుమతి లేకుండా చేయండి. ఈ పని మీ అమ్మానాన్నల ఫోన్లలో ఈ ఆదివారమే మీరే కూర్చుని చేయండి, ఫోన్లో చెప్పి చేయించొద్దు. అలాంటి యాప్‌కు ఒకసారి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చామా, ఓటీపీ మనం చెప్పక్కర్లేదు, వచ్చిన క్షణమే వాడికి చేరుతుంది. తెర పంచుకునే యాప్ అయితే మీరు చూసేదంతా వాడూ చూస్తాడు. రీఫండ్ ఇస్తామంటూ యూపీఐ పిన్ కొట్టమన్నాడంటే మీ డబ్బు పోబోతోందని అర్థం. డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు.

పోయిందని తెలిసిన క్షణంలో ఫోన్‌లో నెట్ ఆపేసి, ఇంకొకరి ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. వెంటనే బ్యాంకుకూ చెప్పండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, మీరు బ్యాంకుకు చెప్పాక జరిగే నష్టం బ్యాంకుదే, అందుకే ప్రతి నిమిషమూ లెక్కే. అసలు కంపెనీ సర్వీసే సరిగా లేదన్నది మీ ఫిర్యాదు అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

కావలి పెద్దాయనా, 1930కి ఫిర్యాదు చేశారని రాశారు, మంచిది. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు జాగ్రత్తగా పెట్టుకోండి. ఆ ఫోన్‌ను అన్నీ చెరిపి రీసెట్ చేయించేదాకా బ్యాంకు యాప్ తెరవకండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. సిగ్గుపడి అమ్మాయికి చెప్పలేదన్నారు. చెప్పండి, మీ తప్పు కాదు అది. మెషీన్ మాట కూడా చెబుతాను. చాలా మోడళ్లలో రెండు బటన్లు కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే డీస్కేలింగ్ మొదలవుతుంది. మీ మోడల్‌కు ఏ బటన్లో పుస్తకంలో బొమ్మ ఉంటుంది, అమ్మాయిని చూసి చెప్పమనండి. కంపెనీ ద్రావణమే వాడండి. వెనిగర్ వద్దు, రబ్బరు వాషర్లు దెబ్బతింటాయి. తర్వాత రెండు ట్యాంకులు మంచినీళ్లు నడిపి ఆ నీళ్లు పారబోయండి. ఇక మీద బోరు నీళ్లు పోయకుండా ఇంట్లో తాగే క్యాన్ నీళ్లే పోయండి. మళ్లీ ఆ లైటు వెలగడానికి చాలా నెలలు పడుతుంది.