గొబ్బి తట్టడం, గొబ్బెమ్మ పెట్టడం

సందేహం: మాది చిత్తూరు. పెద్దపండగ ముందు బడిలో ఐదారేళ్ళ పిల్లల చేత గొబ్బెమ్మలు పెట్టిస్తాం. "గొబ్బి అంటే ఏంది మేడం?" అని పిల్లలు అడిగారు. గోపి నుంచి వచ్చిందని చెప్పవచ్చా? గొబ్బెమ్మలు, గొబ్బిళ్ళు ఒకటేనా? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: పిల్లలు అడగవలసిందే అడిగారు. దీనికి జవాబు నిఘంటువులో కన్నా అన్నమయ్య దగ్గర బాగా దొరుకుతుంది. "కొలని దోపరికి గొబ్బిళ్ళో, యదుకుల స్వామికిని గొబ్బిళ్ళో" అన్న పల్లవిలో విభక్తి చూడండి. దోపరికి, స్వామికి, శిశువునకు, కొండలయ్యకు: పాట పొడుగునా కి, కు లే. "కొండలయ్యకు దండం" అన్నప్పుడు దండం ఏ చోట ఉందో, గొబ్బిళ్ళు కూడా ఆ చోటే ఉంది. స్వామికి పేడముద్దలని ఎవరూ పాడరు కదా! 1503లో పరమపదించిన ఆ మహానుభావుడి నాటికే గొబ్బి అంటే వంగి, చప్పట్లు తడుతూ, చుట్టూ తిరిగి చేసే వందనమని నా నమ్మకం. ఆ ఆటకు నడుమ కూర్చున్న అమ్మ గొబ్బియమ్మ. నోట నలిగి గొబ్బెమ్మ అయింది. రాత్రిళ్ళు, పెళ్ళిళ్ళు లాంటిదే గొబ్బిళ్ళు అన్న బహువచనం.

గోపి నుంచి వచ్చిందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. నడుమ గొబ్బెమ్మ గోదాదేవి, చుట్టూ ఉన్నవి గోపికలు అనే వివరణకు అది చక్కగా అతుకుతుంది. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు గోదాదేవి తిరుప్పావై వినిపిస్తుంది కనుక మన వైపు ఆ వివరణకు బలమూ ఎక్కువే. అయితే గోపి ఇక్కడ మాత్రమే గొబ్బి ఎందుకు కావాలో తేలాలి. తమిళుల కుమ్మి కూడా చుట్టూ తిరుగుతూ చప్పట్లు తట్టే ఆటే. ఆటల పోలిక తెలుస్తూనే ఉంది, మాటల పోలికకు ఇంకా ఆధారం కావాలి. పిల్లలతో "అలా అంటారు" అనండి, "అంతే" అనకండి.

అర్థం చెప్పడం పల్లవితో మొదలుపెట్టకండి. దోపరి అంటే దోచుకునేవాడు (చూచు–చూపరి లాగా దోచు–దోపరి). కొలని గట్టున చీరలెత్తుకెళ్ళిన కథ ఆ వయసుకు అక్కరలేదు. "కొండ గొడుగుగా గోవుల గాచిన కొండుక శిశువునకు గొబ్బిళ్ళో" అన్న చరణం తీసుకోండి. కొండుక అంటే చిన్న. కొందరు కొండొక అని పాడతారు, చెప్పే కథ మారదు. అంత కొండ, ఇంత పిల్లవాడు! రెంటికీ ఒకే అక్షరాలు వేసి పక్కపక్కన నిలబెట్టాడు కవి. చివరి చరణంలో ఆ పిల్లవాడే వేంకటగిరి మీద కొండలయ్య అయ్యాడు. తిరుపతి పిల్లలకైతే వీధిలోకి తీసుకొచ్చి కొండను చూపిస్తే సగం అర్థం చెప్పినట్టే.

ఎనిమిది, పది మందిని వలయంగా నిలబెట్టండి. పాదం మీరు పాడండి, "గొబ్బిళ్ళో" మాత్రం వాళ్ళకు వదలండి. ఆ మాట దగ్గరే వంగి చప్పట్లు. మొత్తం పాట ఒకేసారి నేర్పబోతే చప్పట్లు తాళం తప్పుతాయి, అర్థం గాలికి పోతుంది. రోజుకొక చరణం చాలు.

గొబ్బెమ్మకు పచ్చి పేడ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. పలచనైతే జారి కూలబడుతుంది, ఆరినదైతే పగులుతుంది. పిల్లల పిడికిలికి సరిపడా ముద్ద చేయించి, పచ్చిగా ఉన్నప్పుడే నెత్తిన బొటనవేలితో గుంట పెట్టించండి. తరవాత గుచ్చితే గుమ్మడిపువ్వు కాడ విరుగుతుంది. మరునాడు పువ్వు తీసేసి, వేలెడు మందం మించకుండా పలచగా పిడక తట్టించండి. మందంగా తడితే లోపల తడి నిలిచి బూజు పడుతుంది. ఆ పిడకలు భోగిమంటకో, రథసప్తమి నాడు పరమాన్నం పాలు కాచడానికో దాచాలి. పేడ, పువ్వు, పిడక, పొయ్యి, పాలు అన్న ఈ వరస కళ్ళారా చూస్తే ఆవుకు ఇంత మర్యాద ఎందుకో మీరు వేరే చెప్పనక్కరలేదు. పేడ దొరకని చోట బంకమట్టి వాడవచ్చు, కానీ ఈ వరస తెగిపోతుంది.

ఒక్క మాట కాస్త గట్టిగానే చెప్పాలి. "పేడ క్రిముల్ని చంపుతుంది, అందుకే పెద్దలు పెట్టారు" అని పిల్లలకు నూరిపోయడం ఈమధ్య ఎక్కువైంది. దయచేసి మానండి. పేడలో క్రిములుంటాయి. చేతికి పుండు ఉన్న పిల్లలను దూరంగా ఉంచి, మిగతావాళ్ళ చేతులు సబ్బుతో కడిగించండి. పండగకు గౌరవం తేవడానికి అబద్ధపు సైన్సు అక్కరలేదు. అలాగే "గొబ్బెమ్మ కాంపిటీషన్" అన్న బోర్డు కట్టడం కూడా. గొబ్బెమ్మల పోటీ అంటే తెలుగు పిల్లలకు తెలియదా?

ఇక మీ రెండో ప్రశ్న. గొబ్బి తడతారు, గొబ్బెమ్మను పెడతారు. నన్నడిగితే ఆ తేడా నిలుపుకోవడమే మేలు. అయినా చాలా ఇళ్ళలో "గొబ్బిళ్ళు పెట్టినాం" అని కూడా అంటారు. అది తప్పని కొట్టేయలేను. గొబ్బున అంటే తొందరగా, నీరుగొబ్బి చెమ్మనేలల్లో పెరిగే ముళ్ళ మొక్క. వాటిని ఈ పాటకు ముడిపెట్టకండి.