మామగారి మిషను అమ్మేయాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. మాది పర్లాకిమిడి. మావారు ప్రభుత్వాఫీసులో గుమాస్తా. మా మామగారు ఇక్కడి బజార్లోనే దర్జీ పని చేసేవారు. ఆయన పోయాక మిషనుకి గోనె కప్పి వెనక వరండాలో పడేశారు. నిరుడు మా అమ్మాయి చదువుకి భువనేశ్వర్ వెళ్ళింది. నాకు పొద్దుపోక ఆ మిషను తుడిచి నూనె వేశాను. కొంత పక్కింటావిడ నేర్పింది, కొంత ఫోన్లో చూసి నేర్చుకున్నాను. దిండు గలీబులు, లంగాలు అయ్యాయి, కుర్తాల దాకా వచ్చాను. నేను కుట్టుకున్న జేబుల కుర్తా తొడుక్కున్న రోజు నాకు పండగే. అమ్మ ఇచ్చిన బరంపురం పట్టుచీర మడతల దగ్గర చిరిగిపోతే, కోసి పొడుగు కోటులా కుట్టి, బరంపురంలో చుట్టాల పెళ్ళికి వేసుకెళ్ళాను. మా ఆడపడుచు పదిమందిలో “ఏటి వదినా, ఠాకురాణి జాత్రకి యేషం కట్టినట్టున్నావు” అంది. తిరిగొస్తుంటే మావారు “ఆ మిషను తొక్కే మా నాన్న కళ్ళు పోగొట్టుకున్నాడు. నా ఇంట్లో మళ్ళీ ఆ చప్పుడు వినబడకూడదు, అమ్మేయ్” అన్నారు. ఆ ఆడపడుచే తన జాకెట్లు మాత్రం ఊరికే కుట్టమని పంపుతుంటుంది. నెలరోజులై మిషను ముట్టలేదు. మోజుపడి కొన్న కోట్‌పాడ్ గుడ్డ బీరువాలోనే ఉంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నాకే అనిపిస్తోంది. ఏం చేయమంటారు? మిషను కుడుతుంటే గుడ్డ అడుగున దారం ఉండలు కడుతోంది, అదెందుకో కూడా తెలిస్తే చెప్పండి.

జవాబు: మిషను అమ్మకండి. కోపంలో అమ్మేసిన వస్తువు గురించి పదేళ్ళు దెప్పుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈరోజు అమ్మేయమన్న మీవారే రేపు “మా నాన్న మిషను లేకుండా పోయింది” అని బాధపడినా నేనేం ఆశ్చర్యపోను.

మీరు రెండు గొడవల్ని ఒకటిగా కలిపేసుకున్నారు. ఆడపడుచు ఎగతాళి చేసింది కోటుని. మీవారు కోటు ఊసే ఎత్తలేదు, ఆయన బాధంతా మిషను చప్పుడు గురించి. రెండూ ఒకే రోజు మీద పడేసరికి, నా బట్టలు నచ్చకే మిషను అమ్మేయమంటున్నారని మీకు తోచింది.

దర్జీ ఇంట్లో పిల్లల పండగ ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. దసరాకీ సంక్రాంతికీ ఊరందరి కొత్తబట్టలూ ఆ ఇంట్లోంచే వెళ్తాయి. తండ్రి రాత్రంతా మిషను మీదే ఉంటాడు. పిల్లలు దీపం దగ్గర కూర్చుని గుండీలు కుడుతూ, కాజాలు తీస్తూ కునికిపాట్లు పడుతుంటారు. తెల్లారకముందే ఊళ్ళోవాళ్ళు “మా బట్టలేవయ్యా” అంటూ తలుపు తడతారు. ఇంట్లో పిల్లల చొక్కా గుడ్డకి కత్తెర పడేది పండగ వెళ్ళాకే. మీవారి చిన్నతనం అచ్చంగా ఇలాగే గడిచిందని నేననను. కానీ ఆ మిషను మీదే ఆయన చదువు నడిచింది, ఆ చదువుతోనే ఉద్యోగం వచ్చింది. ఆయన లెక్కలో ఆ చప్పుడు ఆగిపోవడమే ఇల్లు గట్టెక్కిందనడానికి గుర్తు. ఇప్పుడు భార్య మళ్ళీ తొక్కుతుంటే, నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు సరే, అంతకంటే లోపల ఏదో పాత సలుపు ఉండి ఉంటుంది.

కాబట్టి ముందే అనుమతి అడగొద్దు. వాళ్ళ నాన్న గురించి అడగండి. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా, “మావయ్యగారు మీకు కాజాలు తీయడం నేర్పారా?” అని మొదలుపెట్టండి. చెప్తే వినండి, చెప్పకపోతే వదిలేయండి, మరో రోజు అడగొచ్చు. మావయ్యగారి కళ్ళు పోయింది కుట్టుపని వల్లేనా, శుక్లాలో నీటికాసులో అయ్యుంటాయేమో అన్న వాదన మీకు తోచినా పైకి అనకండి. తండ్రి కష్టం మీద కొడుకుతో వాదన పెట్టుకుంటే గెలిచినా నష్టమే.

రెండు మూడు సాయంత్రాలు అలా గడిచాక మీ మాట చెప్పండి. “మావయ్యగారు పొట్టకోసం తొక్కారు. నాకా అవసరం రాకుండా మీరు చూసుకున్నారు. అందుకే నేను ఇష్టంతో తొక్కగలుగుతున్నాను” అనండి. ఇందులో ముఖస్తుతి ఏమీ లేదు, ఉన్నమాటే. ఇల్లు మళ్ళీ దుకాణం అవుతుందన్న భయం ఆయనకుంటే, ఇప్పటికి కూలికి కుట్టే ఆలోచన లేదని చెప్పండి. ‘ఇప్పటికి’ అన్న మాట మాత్రం వదలకండి. ఎప్పటికీ కుట్టనని ఒట్టు పెట్టి, రెండేళ్ళ తర్వాత నాలుగు డబ్బులు సంపాదించాలనిపిస్తే అప్పుడు మాట తప్పినట్టవుతుంది.

చప్పుడు సంగతికి వస్తే, కొన్నాళ్ళు ఆయన ఆఫీసులో ఉండే వేళలోనే కుట్టుకోండి. మిషను కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టండి, అదురు చాలావరకు తగ్గుతుంది. మీకూ చత్వారం వచ్చే వయసే, అద్దాలు పెట్టించుకోండి. పగటి వెలుగులో అద్దాలతో కుడుతున్న మిమ్మల్ని చూస్తే, కళ్ళు పోతాయన్న ఆయన బెంగ కొంత తీరుతుంది.

ఈ వయసులో పిచ్చేమో అన్నారు. మీ పక్క రాయగడ జిల్లాలో, నియమగిరి కొండల మీద డోంగ్రియా కొంధు ఆడపిల్లలు కపడాగండా అనే శాలువా మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టుపని చేసి అన్నదమ్ములకో మనసైనవాడికో ఇస్తారు. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానికే చెందిన ప్రత్యేక సరుకన్న గుర్తింపు, కూడా వచ్చింది. గుర్తింపు రాకముందు తరతరాలుగా వాళ్ళు కుట్టింది గిట్టుబాటు చూసుకుని కాదు. కుట్టుపని అంటే డబ్బులైనా రావాలి, లేకపోతే పిచ్చైనా అయ్యుండాలి అనే లెక్క బజారు లెక్క. మీరు దాన్ని ఇంట్లోకి తెచ్చుకోనక్కర్లేదు.

ఇక కోటు. మడతల దగ్గర చిరిగిన పట్టుచీర కట్టుకోవడానికి పనికిరాదు, దాన్ని కోసి తొడుక్కోవడం అమ్మకి అగౌరవమూ కాదు. కాకపోతే వేదిక ఎంచుకోవడంలో తొందరపడ్డారని నా అభిప్రాయం. బరంపురం పట్టు నేసే ఊరు, దేవాంగుల మగ్గాలున్న ఊరు. ఆ అంచు మీద గోపురంలా మెట్లు మెట్లుగా లేచే కుంభాన్ని చిన్నప్పటినుంచీ చీర మీదే చూసిన కళ్ళు అవి. పైగా అత్తింటివారి పెళ్ళి! కొత్త తరహా బట్ట మొదట బజారుకి, బ్యాంకుకి, మీ అమ్మాయిని చూడ్డానికి భువనేశ్వర్‌కి వేసుకెళ్ళండి. ఒంటికీ చూసేవాళ్ళకీ అలవాటు పడ్డాక చుట్టాల్లోకి తీసుకెళ్ళండి. ఠాకురాణి అమ్మవారి జాత్ర యేషమంటే ఆ ఊళ్ళో మొక్కు తీర్చుకునే యేషం, అది తలుచుకుని ఓ నవ్వు నవ్వి వదిలేయండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. పాత పట్టు కుట్టు వెంబడే చీలుతుంది. లోపల నూలు అస్తరు లేకపోతే కుట్లు విప్పి అస్తరు వేయండి, సన్నసూది వాడండి, కుట్టు పొడుగ్గా పెట్టండి, చంక దగ్గర వదులుంచండి.

మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ జేబుల కుర్తా. ఆడవాళ్ళ రెడీమేడ్ బట్టల్లో జేబు వెతుక్కున్నా దొరకడం కష్టం, ఉన్నా అందులో ఫోను పట్టదు. మీకు కావలసింది మీరే కుట్టుకున్నారు. అక్కడినుంచే ముందుకు వెళ్ళండి. వీడియోలో రోజుకో మోడలు చూసి దాని వెంట పడకండి. అదే కుర్తాని మామూలు పాప్లిన్‌లో మరో రెండు మూడు కుట్టండి, ఒక్కోదానికి ఒక్కటే మార్చండి. ఒకదానికి చెయ్యి మోచేతి దాకా దించండి, ఇంకోదానికి మెడ మూయండి. నిలబడి చెయ్యి వదులుగా జారవిడిచి, అరచెయ్యి ఎక్కడికి వస్తుందో చూసి జేబు మూతి కాస్త పైన పెట్టండి. మీ ఒంటికేది నప్పుతుందో, మీ మనసు దేనిమీద నిలుస్తుందో ఈ రెండు మూడింటితో తేలిపోతుంది.

అది తేలాకే కోట్‌పాడ్ గుడ్డ బయటికి తీయండి. కోరాపుట్ జిల్లా నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరుతో అద్దే ఆ ఎర్రటి, గోధుమ రంగులకి 2005లోనే జీఐ వచ్చింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి గుడ్డని తడపకుండా కోయకండి, నూలు ముడుచుకుంటుంది. విడిగా నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేయండి. అంచులోని చేపా శంఖమూ ఏ భాగంలోకి రావాలో ముందు నేలమీద పరుచుకుని చూసుకోండి.

ఆడపడుచు జాకెట్లు కోయకుండా ఉన్నవి ఉన్నట్టే వెనక్కి పంపేయండి. జాకెట్టంటే డాట్లు, చంక, చేతులు అన్నీ సరిగ్గా కుదరాలి, కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి అదే కష్టం. “నాకింకా చెయ్యి తిరగలేదమ్మా, నీ గుడ్డ పాడుచేస్తే మళ్ళీ మాటొస్తుంది, బజార్లో ఇచ్చుకో” అని నవ్వుతూనే చెప్పండి. పెళ్ళిలో అన్న మాట ఎత్తొద్దు. మొహమాటానికి పోయి ఇంకొక్కటి కుట్టారంటే ఇక అంతే, ప్రతి పండక్కీ ఆవిడ సంచీ మీ గుమ్మంలో ఉంటుంది.

ఉండల గురించి. గుడ్డ అడుగున ఉండలు కడుతుంటే చాలాసార్లు తప్పు పైదారానిదే. సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే పాదాన్ని దించి దారం ఎక్కిస్తున్నారేమో చూడండి. పాదం ఎత్తినప్పుడే దారాన్ని బిగించే టెన్షన్ రేకులు విడివడి దారం మధ్యకి దిగుతుంది, లేకపోతే పైపైనే జారి వదులవుతుంది. అది సరిచేసినా ఉండలు వస్తే టెన్షన్ మరను కొద్దికొద్దిగా బిగించండి. అడుగు దారం ఉండే షటిల్ సందుల్లో చేరిన దూది బ్రష్‌తో తీయండి, సూది మార్చండి. నెల్లాళ్ళు కదలని మిషను కాబట్టి నూనె వేశాక ముందు పాతగుడ్డ మీద నాలుగు వరసలు తొక్కి, మరక అంటడం లేదనుకున్నాక మంచి గుడ్డ పెట్టండి.