లాన్ బౌల్స్ కోసం బీటెక్ మాన్పించాలా?

ప్రశ్న: మాది విజయనగరం. ఉద్యోగరీత్యా రాంచీలో ఉంటున్నాం. ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయి ఇక్కడి నామ్‌కుమ్‌లో లాన్ బౌల్స్ (గడ్డి మీద బంతి దొర్లించే ఆట) ఆడుతోంది, రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. పోటీ తక్కువ గనక తొందరగా ఇండియాకి ఆడొచ్చని, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయమని అంటున్నారు. బీటెక్ మాన్పించి ఆటలోనే పెట్టమంటారా? ఏది మేలు?

జవాబు: ఆట పేరు మారుతుంది గానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అటు ఆటా కుదరక, ఇటు చదువూ లేక పిల్ల రెంటికీ చెడుతుందేమోనన్నదే మీ అసలు టెన్షన్. ముందు దాని సంగతి చూద్దాం.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం తెచ్చిన నలుగురినే తీసుకోండి. అప్పటికి లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు కానిస్టేబుల్. పింకీ ఢిల్లీలో స్కూల్ పీఈటీ. నయన్‌మోని సైకియా అస్సాం అటవీ శాఖ ఉద్యోగి. రూపారాణీ టిర్కీ జిల్లా క్రీడాధికారి. బౌల్స్ డబ్బులతో ఇల్లు గడుపుకున్నవాళ్లు వాళ్లలో లేరు. నయన్‌మోని వెయిట్‌లిఫ్టింగ్ నుంచి, రూపారాణీ కబడ్డీ నుంచి ఇటు వచ్చారు. అంటే మీ అమ్మాయికి తొందరేం లేదు. డిగ్రీ చదివే మూడు నాలుగేళ్లలో ఈ ఆట చేజారిపోదు.

ఇక ‘పోటీ తక్కువ’ అన్న మాట. ఈమధ్య అందరి నోటా ఇదే వింటున్నాను, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. ఆడేవాళ్లు తక్కువే, కానీ జట్టులో చోటు అంతకంటే తక్కువ. ఆ స్వర్ణం గెలిచిన నలుగురూ ముప్పై దాటినవాళ్లే. వయసు మీదపడిందని ఈ ఆటలో ఎవరూ తప్పుకోనక్కర్లేదు కాబట్టి ఖాళీలు తొందరగా రావు. ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు. పెద్ద వేదిక నాలుగేళ్లకోసారి వచ్చే కామన్వెల్త్ క్రీడలే. 2010 ఢిల్లీ నుంచి ఆడుతుంటే మనకి మొదటి పతకం 2022లో వచ్చింది. 2026 గ్లాస్గో క్రీడల నుంచి హాకీ, బ్యాడ్మింటన్ లాంటివే తీసేశారు. బౌల్స్ ఉంది, సంతోషం. కానీ నిర్వాహకుల నిర్ణయం మీద పిల్ల బతుకంతా ఆధారపడేలా చేస్తామా?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీరు కోటా గురించి రాశారు, ఉద్యోగం గురించి రాశారు. ఆ ఆట తనకెందుకు ఇష్టమో ఒక్క ముక్కా రాయలేదు. ఎప్పుడైనా గ్రీన్ (ఆ ఆట ఆడే గడ్డి మైదానం) పక్కన నిలబడి చూశారా? దాదాపు కిలోన్నర బరువుండే బంతిని వంగి వదిలితే, ముందు పక్కకి పోతున్నట్టే ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ లోపలికి తిరిగి, పాతిక ముప్పై మీటర్ల అవతల జాక్ అనే చిన్న బంతి దగ్గర ఆగాలి. తడి గడ్డి మీద ఒక లెక్క, ఎండాక ఇంకో లెక్క. గంటల తరబడి విసుగు లేకుండా ఆ లెక్క పట్టుకునే పిల్లా, మీరు పంపితే వెళ్లే పిల్లా? అది తేల్చుకోకుండా చదువు మాన్పించే హక్కు మీకు లేదు.

బీటెక్కా, బౌల్సా అని తూచాల్సిన పని లేదు. లెక్కలంటే ఇష్టముంటే బీటెక్, లేదంటే డిగ్రీ, ఆపైన బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు). కోటా మీద ఆశ పెట్టుకునే ముందు ఆయా నోటిఫికేషన్ల ఆటల జాబితాలో లాన్ బౌల్స్ ఉందో లేదో, ఏ స్థాయి సర్టిఫికెట్ అడుగుతున్నారో, దానిమీద ఎవరి సంతకం ఉండాలో చూసుకోండి. సీటు మాత్రం రాంచీలోనే తీసుకోండి. నామ్‌కుమ్ లాంటి గ్రీన్ ప్రతి ఊళ్లో ఉండదు.