నూనె మానేసినా అమ్మకు కొలెస్టరాల్ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. నాలుగు నెలలుగా నెయ్యి, గుడ్డు పూర్తిగా మానేసింది. కూరలు కూడా దాదాపు నూనె లేకుండానే వండుతున్నాం. అయినా టోటల్ కొలెస్టరాల్ 268, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 342 వచ్చాయి. పోయినసారి కంటే ఎక్కువే. ఎప్పుడూ నీరసం, ఒళ్లు నొప్పులు అంటోంది. ఇంకా ఏమేం మాన్పించాలి?

జవాబు:

ముందు ఇంకేమీ మాన్పించకండి. నేను డాక్టర్‌ని కాదు. కానీ మా ఇంట్లో నాన్న విషయంలోనూ, అక్క విషయంలోనూ ఇలాంటి రిపోర్టులు పట్టుకుని తిరిగాం. ఇద్దరికీ అసలు కారణం నూనె కాదు.

మీరు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) రాయలేదు, కానీ లెక్క కట్టొచ్చు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్) తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేయాలి. 268లోంచి 38, మరో 68 పోతే సుమారు 162. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ లెక్క. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మాత్రం పనికిరాదు. ఆ ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, అసలు 150 లోపు ఉండాలి. అంటే అమ్మగారికి ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ రెండూ పెరిగాయి. ఈ రెండూ ఒకే కారణంతో పెరగాలని లేదు, అందుకే విడివిడిగా చూడమంటున్నాను. రక్తం ఇచ్చే ముందు రాత్రి పెళ్లి భోజనం లాంటిదేమైనా జరిగిందా, పరగడుపునే ఇచ్చారా అన్నది కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

నాన్నది ట్రైగ్లిజరైడ్స్ కథ. 600 దాటాయి. ల్యాబ్ కుర్రాడు ట్యూబు చూపించాడు. మిషన్‌లో తిప్పాక పైన లేత పసుపు రంగులో తేటగా తేలాల్సింది పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. అప్పటికి ఇంట్లో వేపుళ్లు బంద్ అయి చాలా కాలమైంది. మాది తణుకు దగ్గర పల్లెటూరు, నూనె లేని కూర ఆయనకు నోట్లోకి పోదు. దాంతో కూర పక్కకు నెట్టేసి పెరుగన్నమే మళ్లీ మళ్లీ కలుపుకునేవారు. అందులోకి అరటిపండో, కాలం వస్తే మామిడిపండు రసమో. సాయంత్రం రాగిజావ, ఒంటికి మంచిదని గట్టిగా బెల్లం వేసి. ఇంట్లో అందరం నూనె సీసా మీద కన్నేసి ఉంచాం, అన్నం గిన్నె వైపు ఎవరూ చూడలేదు.

ఒంటికి కావలసినదానికంటే ఎక్కువ పిండిపదార్థం తింటే లివర్ దాన్ని కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్స్ రూపంలో రక్తంలోకి వదులుతుంది. బెల్లం, పంచదార, జ్యూసుల్లోని ఫ్రక్టోజ్ అయితే ఆ పని ఇంకా సులువు. దానికి తోడు ఆయనకు షుగర్ అదుపు తప్పింది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 10 పైనే. రక్తంలో తిరిగే ఈ కొవ్వును విడగొట్టే ఎంజైమ్ సరిగ్గా పనిచేయాలంటే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ లోపిస్తే లివర్ నుంచి వచ్చేది పెరుగుతుంది, ఖర్చయ్యేది తగ్గుతుంది. 500 దాటితే పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉందని డాక్టర్ గారు షుగర్ మందులు మార్చి, ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫీనోఫైబ్రేట్ కూడా రాశారు. అన్నం కొలిచి పెట్టడం మొదలుపెట్టాం. పప్పు, చేపలు, ఆకుకూరలు పెంచాం. నిజం చెప్పాలంటే కూరల్లో నూనె కూడా కాస్త పెరిగింది. షుగర్ దారికొచ్చాక ట్రైగ్లిజరైడ్స్ 200 లోపుకు దిగాయి. తర్వాత డాక్టర్ గారే ఫీనోఫైబ్రేట్ ఆపేశారు, అయినా మళ్లీ పెరగలేదు. ఆయనకు తాగుడు అలవాటు లేదు కానీ, ఉన్నవాళ్లకు అదొక్కటే చాలు వీటిని పైకి లేపడానికి.

అక్కది ఇంకో దారి. సన్నటి మనిషి, తిండి దగ్గర మహా జాగ్రత్త. టోటల్ 290, అందులో ఎక్కువ భాగం ఎల్‌డీఎల్. ఒక క్లినిక్‌లో వెంటనే కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసేశారు. వాడటం మొదలుపెట్టాక పిక్కలు పట్టేసి మెట్లెక్కడమే కష్టమైపోయింది. నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం అంతకుముందు నుంచే ఉన్నాయి. వయసు, ఇంటి పని, టెన్షన్ అనుకుని వదిలేసింది. ఇంకో డాక్టర్ గారు మెడ తడిమి చూసి, గొంతు ఎప్పటి నుంచి ఇలా బొంగురుపోయిందని అడిగి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు) చేయించమన్నారు. ఉండాల్సింది ఇంచుమించు 4 లోపు. ఆవిడకు 60 వచ్చింది.

ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లు లివర్ కణాల మీద ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఆ రిసెప్టర్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. పైగా థైరాయిడ్ లోపానికి మందు పడకుండా స్టాటిన్ వేస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువట. డాక్టర్ గారు స్టాటిన్ పక్కన పెట్టి థైరాక్సిన్ మొదలుపెట్టారు. డోసు కుదిరి టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చేసరికి ఎల్‌డీఎల్ కూడా దానంతట అదే దిగింది. అందరికీ అంతగా దిగుతుందని చెప్పలేను.

మీరు నీరసం, ఒళ్లు నొప్పులు అన్నారు చూడండి, అందుకే ఇంత వివరంగా రాశాను. అమ్మగారికి టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు), లివర్ టెస్టు, యూరిన్‌లో ప్రోటీన్ చూపించండి. మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుంటే లివర్ ఆ లోటు భర్తీ చేయబోయి రక్తంలో కొవ్వును మోసే రేణువులనూ ఎక్కువగా తయారుచేస్తుంది. కాళ్ల వాపు, మూత్రంలో నురగ ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు. ఆస్తమాకో, కీళ్ల నొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఎల్‌డీఎల్ కొంత పెరగడం మామూలే. ఇక ఎల్‌డీఎల్ 190 దాటి, పుట్టింటివైపు చిన్న వయసులోనే గుండెపోట్లు ఉంటే అది వంశపారంపర్యం కావచ్చు, దానికి పథ్యం ఒక్కటే చాలదు.

జబ్బు కొలెస్టరాల్‌ను తగ్గించి కూడా చూపిస్తుంది. మా బాబాయి డెంగ్యూ జ్వరంలో ఉండగా చేసిన టెస్టులో టోటల్ 130 వచ్చిందని సంబరపడిపోయారు. తగ్గి లేచాక మళ్లీ 220. పెద్ద జ్వరం, ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు ఆగి చేయించుకున్న రిపోర్టునే నమ్మండి.

అలాగని నూనెకు క్లీన్ చిట్ ఇవ్వడం లేదు. సాచురేటెడ్ కొవ్వు (నెయ్యిలా గడ్డకట్టే రకం) కూడా పైన చెప్పిన రిసెప్టర్లనే తగ్గిస్తుంది. పామాయిల్‌లో దాదాపు సగం అదే. ప్యాకెట్ మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని రాస్తారు, ఏ మొక్క నూనెలో మాత్రం ఉంటుంది గనక! నెయ్యి, కొబ్బరినూనెల్లో సాచురేటెడ్ కొవ్వు ఇంకా ఎక్కువ. వనస్పతిలోని ట్రాన్స్‌ఫ్యాట్‌ను 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేశారు గానీ, బజ్జీల బండి మీద మరిగి మరిగి నల్లబడిన నూనె లెక్క ఎవరు చూస్తారు? ఇంట్లో ఆవకాయలో వేసిన నువ్వుల నూనె గురించి మాత్రం బెంగ వద్దు, అందులో ఎక్కువ భాగం అన్‌సాచురేటెడే. ఉప్పు సంగతి వేరే.

గుడ్డు గురించి మా డాక్టర్ గారిని నేనూ అడిగాను. పచ్చసొనలో ఇంచుమించు 200 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఉంటుంది. అయినా రక్తంలో ఉండేదాంట్లో ఎక్కువ భాగం ఒంట్లోనే తయారవుతుంది కాబట్టి, చాలామందికి రోజుకొక గుడ్డు వల్ల పెద్ద తేడా రాదన్నారు. షుగర్ తేలితే మాత్రం ఎన్ని తినొచ్చో మీ డాక్టర్‌నే అడగండి. అమ్మగారికి ఇప్పటికే స్టాటిన్ రాసి ఉంటే ఇది చదివి ఆపేయకండి. షుగర్ ఉన్నవాళ్లకు, స్టెంట్ పడ్డవాళ్లకు అది నంబరు ఎంతున్నా సాధారణంగా ఇస్తారు. టీఎస్‌హెచ్ రిపోర్టు వచ్చాక ఇక్కడే కింద రాయండి, ఆవిడ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తింటారో కూడా. ముఖ్యంగా అన్నం ఎంత, టీలు ఎన్ని, వాటిలో పంచదార ఎంత.