పాఠకుల ప్రశ్నలు: గ్రాఫిక్స్ కార్డుకి హీట్ గన్ కొట్టించాలా?

ప్ర: నాది జీటీఎక్స్ 1060, 6 జీబీ కార్డు. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర నిండా రంగు గళ్లు, నిలువు చారలు. విండోస్‌లో డ్రైవర్ ఎక్కగానే తెర నల్లబడుతోంది. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 చూపిస్తోంది. హీట్ గన్ కొడితే బాగవుతుంది గానీ గ్యారంటీ ఇవ్వలేమని షాపులో అన్నారు. కొట్టించమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జ: వద్దండి. చిప్పుల్ని బోర్డుకి అతికించే లెడ్ లేని సోల్డర్ (టంకం) సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అడుగునుంచి బోర్డుని వేడి చేయకుండా పైనుంచి గన్ పెడితే ఆ వేడి చిప్పు కింది సోల్డర్ బంతులన్నిటికీ సమంగా అందదు. బోర్డు వంగుతుంది, పక్కనున్న చిన్న కెపాసిటర్లు కదులుతాయి. ఆ తర్వాత కార్డు కొద్దిరోజులు నడిచినా, పగిలిన సోల్డర్ అంచులు ఒకదానికొకటి ఆనుకోవడం వల్లే తప్ప జబ్బు పోయి కాదు. వంటింటి ఓవెన్‌లో పెట్టమనే సలహా అయితే ఇంకా ప్రమాదం: ప్లాస్టిక్ కాలి విషపు పొగలు వస్తాయి.

ముందు కేబుల్, మానిటర్ మార్చి చూడండి. తర్వాత మంచి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉన్న మరో కంప్యూటర్‌లో మీ కార్డు పెట్టండి. ఈ కార్డు 120 వాట్లు తీసుకుంటుంది. మదర్‌బోర్డు స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లే ఇస్తుంది, మిగతాది 6 పిన్నుల కేబుల్ నుంచి రావాలి. కాబట్టి ఆ కేబుల్ గట్టిగా కూర్చుందో లేదో కూడా చూసుకోండి. అక్కడా విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ తెర మీదే గళ్లు కనిపిస్తే డ్రైవర్ తప్పు కాదు, విండోస్ మళ్లీ ఎక్కించినా లాభం లేదు. ఆ దశలో డ్రైవర్ ఇంకా మొదలే కాదు కదా.

ఈ లక్షణాలకి మొదటి అనుమానం వీడియో మెమరీ మీద. మీ కార్డులో కోర్ (ప్రధాన చిప్పు) చుట్టూ ఒక్కొక్కటి 1 జీబీ చొప్పున ఆరు మెమరీ చిప్పులుంటాయి. ఒకటి పాడైనా, దాని కింద సోల్డర్ పగిలినా తెర ఇలాగే ఉంటుంది. డ్రైవర్ ఎక్కాక మెమరీ మొత్తం వాడకంలోకి వస్తుంది కాబట్టి అప్పుడు పూర్తిగా ఆగిపోతోంది.

చిప్ లెవెల్ సర్వీసు చేసేవారిని ఒకటే అడగండి: “మెమరీ టెస్టులో ఏ చిప్పు తప్పు చూపిస్తోంది?” పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి నడిపే ఆ పరీక్ష చేయకుండా బోర్డుకి వేడి పెట్టేవారికి కార్డు ఇవ్వకండి. తప్పు ఒకే చిప్పు దగ్గర ఉంటే ప్రీహీటర్ (బోర్డుని అడుగునుంచి వేడిచేసే పరికరం) మీద దాన్ని తీసి కొత్తది వేయవచ్చు. కొత్తది అదే కంపెనీది, అదే నంబరుది అయ్యుండాలి. శాంసంగ్ ఉన్నచోట మైక్రాన్ వేస్తే కార్డు బయోస్, స్ట్రాప్ రెసిస్టర్లు (ఏ మెమరీ ఉందో కార్డుకి చెప్పేవి) దానికి కుదరక కొత్త చిక్కు మొదలవుతుంది. మంచి చిప్పు వేశాక కూడా అదే స్థానం తప్పు చూపిస్తే లోపం కోర్‌లోని మెమరీ కంట్రోలర్‌లోనో, మధ్య లైన్లలోనో ఉన్నట్టు. కంట్రోలరే పోతే ఈ కార్డు మీద ఇక ఖర్చు పెట్టకండి.

ప్ర: ఆట మొదలైన కాసేపటికి ఫ్యాన్లు హోరెత్తి, తెర నల్లబడుతోంది. గళ్లేమీ రావు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో కోర్, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) ఉష్ణోగ్రతలు పక్కపక్కనే గమనించండి. రెండింటి మధ్య తేడా 25 డిగ్రీలు దాటితే థర్మల్ పేస్టు ఎండిపోయిందని, లేదా హీట్‌సింక్ సరిగ్గా ఆనడం లేదని అనుమానించాలి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పూయండి. కోర్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. థర్మల్ ప్యాడ్లు మారిస్తే పాతవి ఎంత మందమో అంతే వేయండి: 1 మి.మీ. ఉన్నచోట 2 మి.మీ. పెడితే హీట్‌సింక్ పైకి లేచి కోర్‌కి ఆనదు. ఉష్ణోగ్రతలు మామూలుగానే ఉండి కూడా ఇలా జరిగితే పవర్ కేబుళ్లు, ఎస్ఎంపీఎస్ చూపించండి.

ప్ర: కార్డు పెడితే కంప్యూటర్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. తీస్తే మామూలే. “చిప్ షార్ట్” అన్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి. కోర్‌కి కరెంటిచ్చే మాస్‌ఫెట్ల (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) జంటలో 12 వోల్టుల వైపున్నది షార్టయితే 12 వోల్టులు నేరుగా కోర్‌లోకి పోయి దాన్ని చంపేస్తాయి. కార్డు బయట పెట్టి మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైనుకి, గ్రౌండ్‌కి మధ్య రెసిస్టెన్స్ కొలిపించండి. ఆరోగ్యంగా ఉంటే కిలో ఓముల్లో రావాలి, ఒకటి రెండు ఓములే వస్తే ఆ లైను షార్ట్. కోర్ కాయిల్ దగ్గర మాత్రం ఒక ఓమ్, అంతకన్నా తక్కువ వచ్చినా పెద్ద చిప్పులకి అది సహజమే. ఆ ఒక్క అంకె చూసి చిప్పు పోయిందని తేల్చేవారు చాలామంది. 12 వోల్టుల లైనులోనే షార్ట్ ఉంటే పాడైన మాస్‌ఫెట్‌ని, దాని జంటని, వాటిని నడిపే డ్రైవర్ ఐసీ చిప్పుని పరీక్షించి మార్పించాలి.