ఇంగ్లిష్ ఊతపదాలు, ముసుగుమాటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా టీమ్ లీడర్ నోరు తెరిస్తే ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే’ అంటారు. వినీ వినీ విసుగొచ్చేసింది. నాకేనా, అందరికీ ఇంతేనా?

జవాబు: మీకు తోడు చాలామందే ఉన్నారు. అర్థంకాని ఇంగ్లిష్ మీద 1979 నుంచి పోరాడుతున్న బ్రిటన్ సంస్థ ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్, అన్నిటికన్నా చిరాకు పుట్టించే మాట ఏదని 2004లో తన మద్దతుదారులను అడిగింది. మొదటి స్థానం దీనికే దక్కింది. దాని వెనకే ‘ఎట్ దిస్ మొమెంట్ ఇన్ టైమ్’. అమెరికాలో మారిస్ట్ అనే విద్యాసంస్థ చేసే సర్వేలు 2009లో మొదలుపెట్టి ఏళ్లపాటు ఆ కిరీటాన్ని ‘వాటెవర్’కు పెడుతూ వచ్చాయి. లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ అయితే ‘ఇక చాలు బాబూ’ అనిపించిన మాటల జాబితాను 1976 నుంచి విడుదల చేస్తోంది. జాబితాకెక్కినంత మాత్రాన మాటలు చావవు లెండి.

అన్నీ బేరీజు వేశాక చివరికి తేలేదేమిటంటే అని చెప్పడానికి ఆ మాట పుట్టింది. అలా వాడితే తప్పేమీ లేదు. బేరీజు ఏదీ వేయకుండానే ప్రతి వాక్యానికీ ముందు తగిలిస్తేనే ఒళ్లు మండుతుంది. పైగా మీటింగుల్లో ‘ఇక చర్చ ఆపండి, నేను తేల్చేస్తున్నా’ అనే సైగగా కూడా పనిచేస్తుంది. మీ చిరాకులో సగం అక్కడిదే కావచ్చు.

ఊతపదమో కాదో తేల్చుకోవడం తేలిక. ఆ ముక్క తీసేసి వాక్యం మళ్లీ చదవండి. ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే, వుయ్ నీడ్ మోర్ టైమ్’లో ముందు ముక్క కొట్టేస్తే పోయిందేమీ లేదు. ‘గోయింగ్ ఫార్వర్డ్’ కూడా అంతే. వాక్యంలో ‘విల్’ ఉందంటే అది ముందుకాలం సంగతేనని తెలుస్తూనే ఉంది. కొన్నిటిని కొట్టేస్తే కుదరదు, కుదించాలి: ‘ఎట్ దిస్ మొమెంట్ ఇన్ టైమ్’కు ‘నౌ’, ‘డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్’కు ‘బికాజ్’, ‘ఇన్ ది ఈవెంట్ దట్’కు ‘ఇఫ్’ చాలు.

ప్రశ్న: కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ‘యాజ్ పార్ట్ ఆఫ్ అవర్ ఆర్గనైజేషనల్ రీఅలైన్‌మెంట్, ఎ నంబర్ ఆఫ్ రోల్స్ హ్యావ్ బీన్ ఇంపాక్టెడ్, ఇంక్లూడింగ్ యువర్స్’ అని ఉంది. నా ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?

జవాబు: పోయినట్టే అనుకుని కదలండి. అయితే మెయిల్ ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు, చెప్పకుండా ఉండటానికే అలా రాశారు. ముక్కముక్కగా విప్పి చూద్దాం.

‘హ్యావ్ బీన్ ఇంపాక్టెడ్’ కర్మణి వాక్యం. దెబ్బ తగిలింది గానీ కొట్టినవాడు కనబడడు. తీసేసింది ఎవరో చెప్పక్కర్లేకుండా వ్యాకరణమే సాయం చేసింది. దెబ్బ తగిలింది కూడా మనుషులకు కాదట, ‘రోల్స్’కట. కుర్చీకి జరిగినట్టు రాశారు, కుర్చీలో ఉన్న మీ ఊసు లేదు. ‘ఇంపాక్ట్’ అనే క్రియకు ఫలానా పని అంటూ లేదు. జీతం తగ్గినా, షిఫ్టు మారినా, ఉద్యోగం ఊడినా ‘ఇంపాక్టే’. ‘ఎ నంబర్ ఆఫ్’ అంటే నలుగురూ కావచ్చు, నాలుగు వేలమందీ కావచ్చు. అంకె ఉందని చెబుతూనే అంకెను దాచే మాట ఇది. ఇక ‘రీఅలైన్‌మెంట్’, ‘రైట్‌సైజింగ్’, ‘రీస్ట్రక్చరింగ్’ ఒకే గూటి పక్షులు. ‘డౌన్‌సైజింగ్’లో కనీసం తగ్గిస్తున్నామన్న నిజం ఉండేది. ‘రైట్‌సైజింగ్’ వచ్చి దాన్నీ తుడిచేసింది, ఇన్నాళ్లూ మీరు అదనపు బరువన్నట్టు. ‘లెట్ గో’ ఇంకో తమాషా. వెళ్తానన్నవాణ్ణి పెద్దమనసుతో వదిలినట్టు వినిపిస్తుంది. వెళ్తానని ఇక్కడ ఎవరూ అనలేదు.

ఫోన్‌లో కాకుండా మెయిల్‌లోనే జవాబివ్వండి. ఈ మూడు ప్రశ్నలు వేరువేరు లైన్లలో అడగండి: ‘ఈజ్ మై ఎంప్లాయ్‌మెంట్ బీయింగ్ టెర్మినేటెడ్?’, ‘వాట్ ఈజ్ మై లాస్ట్ వర్కింగ్ డే?’, ‘అప్‌టు వాట్ డేట్ విల్ ఐ బి పెయిడ్?’ మొదటిదానికి అవునో కాదో చెప్పాలి, మిగతా రెండింటికీ తేదీ ఇవ్వాలి. అన్నీ కలిపి ఒకే పేరాలో అడిగితే తేలికైన దానికి జవాబిచ్చి మిగతావి దాటేస్తారు. మళ్లీ ‘ట్రాన్సిషన్’ అనే మాటతో తిరిగొస్తే అదే ప్రశ్న మళ్లీ పంపండి, మర్యాద తగ్గకుండా, ఒక్క అక్షరం మార్చకుండా.

ఇలాంటి మాటలు రాసేవాళ్లకే ఎదురు తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2017 ఏప్రిల్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ఒక ప్రయాణికుణ్ణి సీట్లోంచి లాగి ఈడ్చుకెళ్లిన వీడియో ప్రపంచమంతా చూసింది. సంస్థ అధిపతి తొలి ప్రకటనలో ప్రయాణికులను ‘రీ-అకామొడేట్’ చేయాల్సి వచ్చిందని, అంటే వేరేచోట సర్దాల్సి వచ్చిందని అన్నారు. జనం ఆ ఒక్క మాట మీదే విరుచుకుపడ్డారు. జరిగింది కళ్లారా చూసినవాళ్ల ముందు ముసుగు వేస్తే ముసుగే కనిపిస్తుంది.

ప్రశ్న: ఒకరు పోయినప్పుడు ‘డైడ్’ అనడం మొరటుగా ఉంటుంది కదా. ‘పాస్డ్ అవే’ కూడా ముసుగుమాటేనా?

జవాబు: ముసుగే. కాకపోతే దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం వేసింది, చేసిన పని దాచుకోవడానికి వేసింది కాదు. సంతాపం చెప్పేటప్పుడు ఆ కుటుంబం ఏ మాట వాడుతోందో మీరూ అదే వాడండి.

రెండుచోట్ల మాత్రం ‘డైడ్’ అనే తీరాలి. మరణవార్త చెప్పడంలో శిక్షణ పొందే డాక్టర్లకు ఆ మాటే వాడమని నేర్పుతారు. ‘వుయ్ లాస్ట్ హిమ్’ అంటే, నమ్మడానికి మనసొప్పని తల్లికి బిడ్డ ఎక్కడో తప్పిపోయినట్టు వినిపించవచ్చు. రెండోది చిన్నపిల్లల దగ్గర. ‘వెంట్ టు స్లీప్’ అంటే పిల్లవాడికి రాత్రి పడుకోవాలంటేనే భయం పట్టుకుంటుంది. ‘వెంట్ అవే’ అంటే తిరిగొస్తారని ఎదురుచూస్తాడు. శరీరం పనిచేయడం ఆగిపోయింది, మళ్లీ పనిచేయదు అని చెప్పడమే పిల్లలకు మేలు.

ప్రశ్న: ఒకే వస్తువుకు ఇంగ్లిష్‌లో పదేపదే కొత్త పేర్లు ఎందుకు పెడతారు? టాయిలెట్, లావెటరీ, వాష్‌రూమ్, రెస్ట్‌రూమ్... అంతుందా?

జవాబు: లేదు. ‘టాయిలెట్’ ఒకప్పుడు ఫ్రెంచిలో చిన్న గుడ్డ. అలంకరణ బల్ల మీద పరిచేది. అక్కణ్ణుంచి అలంకరణకు, అలంకరణ గదికి, చివరికి ఇప్పటి అర్థానికి జారింది. ‘లావెటరీ’ లాటిన్‌లో కడుక్కోవడానికి సంబంధించినది. చెప్పడానికి ఇబ్బందిపడే వస్తువు మీద ఏ శుభ్రమైన మాట అంటించినా కొన్నాళ్లకు ఆ ఇబ్బంది మాటకూ అంటుకుంటుంది. అప్పుడు ఇంకో మాట కావాలి. భాషను అధ్యయనం చేసే మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ 1994లో దీనికి ‘యూఫెమిజమ్ ట్రెడ్‌మిల్’ (ముసుగుమాటల ట్రెడ్‌మిల్) అని పేరు పెట్టారు. ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంటాం.

దీనికి గట్టి ఉదాహరణ వైద్యంలో ఉంది. ఇప్పుడు తిట్టుగా వినిపించే ‘మోరాన్’ను 1910లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మేధో వైకల్యం ఉన్నవారికి శాస్త్రీయ పదంగానే తయారుచేశారు. తర్వాత వచ్చిన ‘మెంటల్ రిటార్డేషన్’ కూడా తిట్టుగా మారింది. 2010లో రోజాస్ లా అనే చట్టంతో అమెరికా అనేక ఫెడరల్ చట్టాల్లో దాన్ని తీసేసి ‘ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ’ అని చేర్చింది. ఇలా మార్చడం దండగని కొందరంటారు, మేం ఒప్పుకోం. పాత మాట దెబ్బకొట్టే ఆయుధమైపోయాక దాన్ని పక్కన పెట్టడమే మర్యాద.

ప్రశ్న: రాకెట్ పేలితే ‘ర్యాపిడ్ అన్‌షెడ్యూల్డ్ డిస్‌అసెంబ్లీ’ (అనుకోకుండా చటుక్కున భాగాలు విడిపోవడం) అన్నారు. ఇంతకన్నా మోసం ఉంటుందా?

జవాబు: అది ఇంజనీర్ల పాత జోకు. 2023 ఏప్రిల్‌లో స్టార్‌షిప్ రాకెట్ పేలిపోయినప్పుడు దాన్ని తయారుచేసిన స్పేస్ఎక్స్ వాడటంతో అందరి నోళ్లలో పడింది. ఆ పేలుడు లైవ్‌లో అందరూ చూశారు, దాచిందేమీ లేదు. మోసం చూడాలంటే సైన్యాల, గూఢచారి సంస్థల ప్రకటనలు చదవండి. ‘కొలాటరల్ డ్యామేజ్’ అన్నచోట చనిపోయిన పౌరులు ఉంటారు. ‘ఎన్‌హాన్స్‌డ్ ఇంటరాగేషన్’లో మనిషి మొహం మీద గుడ్డ కప్పి, ఊపిరాడకుండా నీళ్లు పోయడం ఉంది.

ప్రశ్న: ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అని మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దు. వినేవాళ్లు తర్వాత రాబోయే తిట్టుకు సిద్ధమైపోతారు. ‘ఐ డిసగ్రీ’ అనేసి కారణం చెప్పండి. ‘యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్’ కూడా ఇదే బాపతు. చదవలేదా అని దెప్పే బదులు పాత మెయిల్లో ఉన్న సంగతినే ఒక లైన్లో మళ్లీ రాసేస్తే పని జరుగుతుంది.

ప్రశ్న: నా నోటినుంచే ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’, ‘లైక్’ వరదలా వస్తున్నాయి. మానడం ఎలా?

జవాబు: అన్నీ ఒకేసారి మానాలనుకోకండి, మాటే తడబడుతుంది. ఫోన్‌లో రెండు నిమిషాలు ఏదైనా విషయం మీద మాట్లాడి రికార్డ్ చేసుకోండి. వింటూ ఒక్కో ఊతపదానికీ గీత గీయండి. ఎక్కువ గీతలు పడ్డ ఒక్కదాన్నే ఎంచుకోండి. అది ఎక్కడ వస్తోందో గమనించండి. సాధారణంగా వాక్యం మొదట్లో, తర్వాతి మాట ఇంకా తట్టనప్పుడు వస్తుంది. అక్కడ నోరు మూసుకుని చిన్న విరామం ఇవ్వండి. మీకు అది చాలాసేపు అనిపిస్తుంది, వినేవాళ్లు గమనించరు కూడా. వారం తర్వాత అదే విషయం మీద మళ్లీ రికార్డ్ చేసి పోల్చండి.

చాలామంది దెబ్బతినేది ఎక్కడంటే, ‘బేసికల్లీ’ వెళ్లిన ఖాళీలోకి ‘సో’ వచ్చి కూర్చుంటుంది. అందుకే రెండోసారి వినేటప్పుడు పాతదాన్ని మాత్రమే లెక్కపెట్టకండి, కొత్తగా ఏది చేరిందో చూడండి. కబుర్లలో అక్కడక్కడా దొర్లే ‘వెల్’, ‘ఐ మీన్’ జోలికి వెళ్లక్కర్లేదు.